టీడీఎస్ మీటరు సాక్ష్యం చెల్లదు

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా చందుర్తి, అక్కణ్నుంచి వేములవాడ దాకా ఏ ఊళ్లో నీళ్ల ముచ్చట తీసినా ఒకటే జవాబు. "మా దిక్కు ఫ్యాక్టరీలు లేవు. అందరం ఫిల్టర్ నీళ్లే తాగుతున్నం. మీటరు పెడితే నలభై చూపెడ్తది. ఇంక కాలుష్యం ఎక్కడిది?" ప్లాంటు నడిపేవాళ్లు అంటే బేరం కోసం అంటున్నారనుకోవచ్చు. సార్లు, డిగ్రీ చదివిన పిల్లలు, మైకు దొరికితే నాయకులు కూడా ఇదే పాట. ఇందులో మొదటి మాట సగమే నిజం. రెండోది అలవాటు. మూడోది ఒక పరికరంతో దానికి చేతగాని పని చేయించడం. నాలుగోది ఈ మూడింటిలో దేన్నుంచీ పుట్టని తీర్పు. ఆ తీర్పును కొట్టేయమని అడగడానికే ఈ నాలుగు పేజీలు.

ముందు మీటరు సంగతి. పెన్ను సైజు పరికరం. కొసన రెండు లోహపు మొనలుంటాయి. వాటి మధ్య నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూడటమే దాని పని. కరిగిన ఉప్పులు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ పారుతుంది. ఆ విలువను 0.5 నుంచి 0.7 దాకా ఏదో ఒక సంఖ్యతో హెచ్చవేసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల టీడీఎస్ (కరిగి ఉన్న పదార్థాల మొత్తం) అని తెర మీద వేస్తుంది. తూచింది లేదు, కరెంటును బట్టి బరువును అందాజా కట్టింది. పోనీ ఆ అందాజా సరైనదే అనుకుందాం. ఏ ఉప్పు అన్నది మాత్రం దానికి తెలియదు. సున్నమో, సోడానో, ఎరువు నుంచి దిగిన నైట్రేటో, రాతిలోంచి ఊరిన ఫ్లోరైడో, అన్నీ దానికి ఒకటే లెక్క. కరెంటును మోయనివైతే అసలే కనిపించవు.

ఎవరి వంటింట్లో వాళ్లు చూసుకోవచ్చు. గ్లాసెడు ఫిల్టర్ నీళ్లు పోసి మీటరు ముంచండి, నలభై వస్తుంది. రెండు చెంచాల చక్కెర వేసి బాగా కలపండి. నోట్లో పోసుకుంటే పానకమే, మీటరు మాత్రం నలభై దగ్గర్నే తచ్చాడుతుంది. ఇప్పుడు అందులోనే చిటికెడు ఉప్పు వేయండి. అంకెలు వందలు దాటి ఉరుకుతాయి. పత్తి చేనుకు కొట్టే మందుల్లో చాలావాటి తీరు ఉప్పు తీరు కాదు, చక్కెర తీరు. పైగా అవి హాని చేసే మోతాదు మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో ఉంటుంది కాబట్టి మీటరు వాటిని పట్టే ప్రశ్నే లేదు. (దీన్ని మాత్రం చేసి చూడకండి.) కొబ్బరి బోండం నీళ్లలో అదే మీటరు పెడితే వేలల్లో చూపిస్తుంది, పొటాషియం పుణ్యమా అని. మీటరు మాటే వేదమైతే దవాఖానలో పడుకున్నవాళ్లకు మనం బోండాలు పట్టుకుపోవడం నేరం కావాలి.

ఊళ్లకు ఫిల్టర్ మిషన్లు అమ్మవచ్చేవాళ్ల సంచిలో ఇంకో తమాషా ఉంటుంది. రెండు గ్లాసులు. ఒకదాంట్లో మీ నల్లా నీళ్లు, ఒకదాంట్లో వాళ్ల మిషన్ నీళ్లు. నాలుగు కడ్డీలున్న ఒక పెట్టెను వాటి మీద బోర్లించి ప్లగ్గు పెడతారు. నిమిషం తిరక్కుండా నల్లా నీళ్లు ముందు పసుపెక్కి, తర్వాత పాచిరంగు తిరిగి, పైన నల్లటి తెట్టు కడుతుంది. మిషన్ నీళ్లు మాత్రం మచ్చ లేకుండా అట్లనే ఉంటాయి. ఇంటామె గుండె ఆగినంత పనవుతుంది, "ఇన్నొద్దులు మేం తాగింది ఈ మురికేనా!" అని. ఆ మురికి నీళ్లది కాదు. ఆ కడ్డీల్లో ఒక జత ఇనుముది, ఇంకో జత అల్యూమినియానిది. ఉప్పున్న నీళ్లలో కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పయి తేలుతుంది. మిషన్ నీళ్లలో ఉప్పు లేదు కనుక కరెంటు పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు. అమ్మేవాడి చేతికి చిటికెడు ఉప్పిచ్చి, "తమ్మీ, ఇది నీ మిషన్ నీళ్లల్ల వేసి మళ్లా పెట్టు" అంటే చాలు. అదే మురికి ఆ గ్లాసులోనూ తేలుతుంది. సంచి సర్దుకునే వేగం చూడొచ్చు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ఐఎస్ 10500 అనే పత్రంలో టీడీఎస్ ఒక వరుస మాత్రమే. లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా సరే అని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు ఆరోగ్యం పేరు మీద హద్దే పెట్టలేదు; అది ప్రధానంగా రుచికి సంబంధించిన లెక్క అని వదిలేసింది. అదే పత్రంలో పక్క వరుసలు చూడండి. ఫ్లోరైడ్ 1, మహా అయితే 1.5. నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు. మలం నుంచి వచ్చే ఈ.కోలి సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడొద్దు. మన దిక్కు పిల్లల పళ్లను, పొట్టలను పట్టించుకునే వరుసలివి. పెన్ను మీటరుకు ఈ మూడింట్లో ఒక్కటీ తెలియదు.

ఫ్లోరైడ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. కరీంనగర్ గ్రానైటు దేశదేశాల్లో గచ్చులకు పోతుంది. మనం బోరు దింపేది ఆ జాతి రాళ్లలోకే. వాటిలో అపటైట్, బయొటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాలుంటాయి. నీళ్లు పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచి ఉంటే వాటి నుంచి ఫ్లోరైడ్ ఊరుతుంది. బోరు లోతు పెరిగేకొద్దీ మనకు అందేది ఆ పాత నీళ్లే. పాత కరీంనగర్ జిల్లాలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ హద్దు దాటిందని కేంద్ర భూగర్భజల మండలి జాబితాలోనే ఉంది. ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటీ లేకుండానే ఇది జరుగుతుంది. తెలుగునేల మీద ఫ్లోరైడ్ తెచ్చే జబ్బును శాస్త్రవేత్తలు కనిపెట్టింది కూడా ఫ్యాక్టరీ ఊళ్లో కాదు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, అతని తోటివాళ్లు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగిపోయిన వెన్నులను, బిగుసుకున్న కీళ్లను చూసి రాశారు. నల్గొండ పేరైతే ఒక శుద్ధి పద్ధతికే అతుక్కుపోయింది: పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసి 'నల్గొండ టెక్నిక్' అంది.

మీటరు ఇక్కడ ఎందుకు మోసం చేస్తుందో లెక్కవేసి చూడండి. ఒక బోరులో ఫ్లోరైడ్ 0.8, పక్క బోరులో 3. మొదటిది తాగొచ్చు. రెండోది తాగి పెరిగిన పిల్లల పళ్లకు గార పట్టడం ఖాయం. రెండింటికీ తేడా లీటరుకు రెండు మిల్లీగ్రాముల చిల్లర. రెండు బోర్ల టీడీఎస్ ఆరువందల చుట్టూ ఉంటే, మామూలు మీటరు తప్పు చూపే పరిధే పన్నెండు దాకా ఉంటుంది. అంటే బిడ్డ పళ్లను పాడుచేసే మొత్తం మీటరు తప్పులోనే దాక్కుంటుంది.

ఇంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. నీళ్లలో సున్నం, అంటే కాల్షియం, ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని గట్టిపడి అడుక్కు దిగుతుంది కాబట్టి ఫ్లోరైడ్ పెద్దగా పెరగలేదు. కాల్షియం తక్కువై సోడియం ఎక్కువున్న నీళ్లలో అడ్డు ఉండదు, పెరుగుతూ పోతుంది. కాల్షియం తక్కువున్న నీళ్లంటే సబ్బు బాగా నురగ వచ్చే నీళ్లు, పప్పు తొందరగా ఉడికే నీళ్లు, "ఆ బోరు నీళ్లు మస్తు తియ్యగుంటయి" అని ఆడవాళ్లు బిందె పట్టుకుని దూరం నడిచిపోయే నీళ్లు. నాలుక మంచివన్న నీళ్లే ఫ్లోరైడ్ ఎక్కువున్నవి కావచ్చు. ప్రతిసారీ అవుతాయని కాదు. నాలుకకూ మీటరుకూ ఇందులో తీర్పు చెప్పే హక్కు లేదని మాత్రమే.

"మేం మరగబెట్టుకుని తాగుతం" అనేవాళ్లు క్రిముల విషయంలో నూటికి నూరు పాళ్లు కరెక్టు. ఫ్లోరైడ్, నైట్రేట్ల విషయంలో మాత్రం వాళ్లు చేస్తున్నది పాలు కాచి కోవా చేయడం లాంటిది: నీళ్లు ఆవిరై పోతాయి, కలిసిన సరుకు గిన్నెలోనే చిక్కబడుతుంది.

ఫిల్టర్ నీళ్లిచ్చే ఆర్వో ప్లాంటు ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, నిజం. ఫ్లోరైడ్ బోరే దిక్కయిన ఊళ్లో అది మేలే చేసింది, ఆ మాట దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. మీటరుకు కూడా ఒక న్యాయమైన పని ఉంది. నిన్న నలభై చూపిన ప్లాంటు ఇవాళ నూటయాభై చూపితే, లోపలి పొర అరిగిందనో, రుచి కోసం పచ్చి బోరు నీళ్లు కలుపుతున్నారనో ప్లాంటు నడిపేవాడికి తెలుస్తుంది. అది మెకానిక్‌కు పనికొచ్చే పరికరం. బస్టాండు దగ్గర నిలబడి దాన్ని గాల్లో తిప్పుతూ "మా నీళ్లు స్వచ్ఛం" అనడానికి పనికొచ్చేది కాదు. ఇంకొకటి, ప్లాంటు వెనక్కి వెళ్లి చూడండి. క్యాన్లోకి పోయినన్ని నీళ్లో, అంతకన్నా ఎక్కువో మోరీలోకి పోతుంటాయి. బోరులో ఉన్న ఉప్పులు, ఫ్లోరైడ్ అన్నీ ఆ విడిచిపెట్టిన నీళ్లలో చిక్కబడి ఊరి కుంటకో, పక్క చేలోకో చేరతాయి. కాలుష్యం లేదని బోర్డు పెట్టిన చోట వెనక గోడ దగ్గర కాలుష్యం తయారవుతుంటుంది. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ 500 లోపున్న చోట్ల ఆర్వో వాడకుండా నిషేధించమనీ, మిగతాచోట్ల వృథాకు కట్టడి పెట్టమనీ కేంద్రాన్ని ఆదేశించింది. వృథా మీద వాళ్ల కోపం సబబే. కానీ గీత గీయడానికి వాళ్లు కూడా టీడీఎస్‌నే పట్టుకున్నారు! మూడు వందల టీడీఎస్ ఉండి ఫ్లోరైడ్ 2 ఉన్న ఊరిని ఏ గడిలో వేస్తారు? మీటరు భ్రమ పల్లెటూరి వాళ్లకే పరిమితం కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఇక "ఫ్యాక్టరీలు లేవు" అనే మాట. 1974లో వచ్చిన నీటి కాలుష్య నివారణ చట్టం నడిచేదే గొట్టం చుట్టూ. ఫలానా సంస్థ, ఫలానా చోట, ఇంత మురుగు వదులుతుంది, దానికి అనుమతి తీసుకోవాలి అన్న తీరు. అందుకే మనకు కూడా కాలుష్యమంటే గొట్టం గుర్తుకొస్తుంది, గొట్టం లేకపోతే కాలుష్యం లేదనిపిస్తుంది. మన ఊళ్ల కాలుష్యానికి గొట్టం ఉండదు. పొలానికి చల్లిన యూరియాలో పంట తినగా మిగిలింది వాన నీళ్లతో కిందికి దిగి నైట్రేట్ అవుతుంది. పెంట కుప్ప కింద, కట్టని అడుగున్న మరుగుదొడ్డి గుంత కింద జరిగేదీ అదే. మరుగుదొడ్లు రావాల్సిందే, వచ్చాయి, మంచిదే. అయితే ఇంటి బోరుకు పది అడుగుల దూరంలో గుంత తవ్వితే ఆ గుంత బోరులోకే కదా ఊరేది? తెలంగాణలో దాదాపు అన్ని జిల్లాల్లో ఎక్కడో ఒకచోట నైట్రేట్ 45 దాటిందని భూగర్భజల మండలి నివేదికలు చెప్తూనే ఉన్నాయి.

నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచి కూడా తెలియదు. పెద్దవాళ్లు ఓర్చుకుంటారు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు డబ్బా పాలు ఆ నీళ్లతో కలిపి పడితే బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను మోయలేక పెదాలు, గోళ్లు నీలం తిరుగుతాయి. 1945లో అమెరికాలో అయోవా రాష్ట్రపు పల్లెల్లో బావి నీళ్లు తాగిన పసికందుల్లో కామ్లీ అనే డాక్టరు దీన్ని మొదట పట్టుకున్నాడు. దీనికి కారణం ఫ్యాక్టరీ కాదు, పేడ కుప్పలకూ దొడ్లకూ దగ్గరగా తవ్విన బావులు.

ఫ్యాక్టరీ లేదన్నది సగమే నిజమని ఎందుకన్నానంటే, చందుర్తిలో లేకపోయినా పక్కనే సిరిసిల్లలో బట్ట పని ఉంది. వేల మరమగ్గాలు, లంగా బట్టకు రంగులద్దే యూనిట్లు. అక్కడ వినిపించే వాదం ఇంకో రకం: "రంగు పోయేదాకా శుద్ధి చేసి వదుల్తున్నం." రంగు కంటికి కనబడుతుంది కాబట్టి అందరి పోట్లాటా రంగుతోనే. రంగు వేయకముందు నూలు బట్టకున్న గంజిని కడిగిన నీళ్లకు చెప్పుకోదగ్గ రంగే ఉండదు. కానీ ఆ గంజిని తినడానికి నీళ్లలోని బ్యాక్టీరియా ఎగబడి, ఉన్న ఆక్సిజన్ అంతా పీల్చేస్తుంది. నూలు బట్ట పనిలో ఆక్సిజన్ తినే మురుగు లెక్కతీస్తే పెద్ద వాటా ఈ గంజిదే. దీన్ని కొలిచేదే బీఓడీ. గాలి బుడగ లేకుండా సీసా నింపి, చీకట్లో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి, ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తారు. (ఇంగ్లండులో పుట్టినప్పుడు అది 5 రోజుల పరీక్ష. మన ఎండకు బ్యాక్టీరియా తొందరగా పని ముగిస్తుందని మన ప్రమాణంలో 3 రోజులకు కుదించారు.) వాగులోకి వదిలే నీళ్లకు మామూలు హద్దు లీటరుకు 30 మిల్లీగ్రాములు. తేటగా కనిపించే గంజి నీళ్లు ఆ హద్దును దాటి వందల్లో ఉండొచ్చు, రంగున్న నీళ్లు దానికి లోబడీ ఉండొచ్చు. కంటి సాక్ష్యం ఇక్కడ కూడా చెల్లదు.

"మధ్యమానేరులో పాతిక టీఎంసీల నీళ్లుంటయి, ఈ మోరీలెంత?" అని ఇంకొకరు. డ్యాం నిండుకుండలా ఉన్న నాడు ఆ మాట చెల్లుతుందేమో. కానీ దాంట్లో కలిసే మూలవాగు సంవత్సరమంతా పారే వాగు కాదు. ఎండాకాలంలో వాగు ఎండి, ఊళ్ల మురుగు మాత్రం ఆగకుండా పారుతుంటే, వాగులో ఉన్నది మురుగే. కలిపి పలచన చేయడానికి నీళ్లేవి?

కుంటల దగ్గరికి వద్దాం. ఇది కొలతలో జరిగే అన్యాయానికి మంచి ఉదాహరణ. మోరీ నీళ్లు చేరిన కుంట పచ్చగా అవుతుంది. మబ్బు పట్టిన నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున చేపలు తెల్లగా తేలుతాయి. ఊరంతా ఒకటే మాట: "ఎవడో మందు కలిపిండు." చేపల సంఘంవాళ్లు పోలీసు స్టేషన్‌కు పోతారు. పాత కక్షలున్న ఇంటి మీదికి వేలు పోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఎవరో వచ్చి నీళ్లు పట్టుకుపోతారు. నీళ్లలో ఆక్సిజన్ భేషుగ్గా ఉందని కాగితం వస్తుంది. కాగితం తప్పు కాదు. ఆ పచ్చటి నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం కొలిస్తే ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంటుంది. రాత్రంతా అదే నాచు, అడుగున కుళ్లే చెత్త, చేపలు అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను తింటాయి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అడుగంటుతుంది. చేపల బతుకుకు లీటరుకు 4 మిల్లీగ్రాములుండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెప్తుంది. ఆ నాలుగు ఉన్నాయా లేవా అన్నది కోడి కూసే వేళ కొలవాలి. మూడింటి శాంపిల్‌తో ఆ చావుకు కారణం తేల్చడమంటే, దొంగతనం రాత్రి జరిగితే పగటిపూట తలుపు చూసి ఎవరూ రాలేదనడమే.

ఏ ప్రశ్న అడిగితే దానికే జవాబు వస్తుందని పటాన్‌చెరు మనకు ఎప్పుడో నేర్పింది. అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంటులో బీఓడీ, సీఓడీ లాంటివి చూసేవాళ్లు. లోపల మందు బిళ్లల సరుకు ఎంతుందని అడిగినవాళ్లు లేరు. స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ఆ ప్రశ్న అడిగి, 2007లో ఫలితం అచ్చువేసింది: శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ! ఆ నీళ్ల మీద పెన్ను మీటరు పెట్టి ఉంటే ఏదో ఒక అంకె వచ్చేది, అంతే.

చివరగా పెద్దమనుషుల వాదం, దీన్ని కొట్టిపారేయడం నాకు కష్టం. "వాగుల చెలిమె తీసుకుని తాగి పెరిగినం, మాకేమైంది?" చెలిమె నీళ్లు నిజంగానే మంచివి, ఇసుక వడపోసిన నీళ్లు. ఇప్పుడు ఆ ఇసుకనే లారీలకెత్తుతున్నాం. అయితే "మాకేమైంది" అనేది బతికి ఉన్నవాళ్లు వేసే ప్రశ్న. గత్తర వచ్చి వాడలకు వాడలు ఖాళీ అయిన కథలు ప్రతి ఊరికీ ఉన్నాయి. గత్తర నీళ్లది, ఆ నీళ్లు తేటగానే ఉండేవి. నారికురుపు ఇంకా కొందరికి గుర్తుంటుంది. దిగుడు బావి మెట్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టి ముంచుకున్న నీళ్లు, లోపల కంటికి ఆనని పురుగు. ఏడాదికి కాలు చీల్చుకుని దారపు పోగు లాంటి నారి బయటికొచ్చేది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు పాతుకున్న రాష్ట్రాల్లో ఒకటి. దేశంలో చివరి కేసు 1996లో; 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు విముక్తి పత్రం ఇచ్చింది. ఆ బావుల నీళ్లలో ఫ్యాక్టరీ మురుగు చుక్క లేదు. టీడీఎస్ పెడితే బహుశా ముచ్చటైన అంకె వచ్చేది.

క్రిముల సంగతి వచ్చింది కాబట్టి బ్లీచింగ్ వాసన గురించి. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. "బ్లీచింగ్ వాసన కొడ్తున్నయి" అని వాటిని బాసండ్లకు, స్నానాలకు వదిలి, క్యాన్లు కొంటున్న ఇళ్లు ఎన్నో. నది నుంచి తెచ్చిన నీళ్లలో ఫ్లోరైడ్ బెడద సాధారణంగా ఉండదు. ఆ వాసన, నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమం పాటించారనడానికి గుర్తు. అది మిగిలినంతసేపు గొట్టంలో ఎక్కడో మోరీ నీళ్లు చొరబడ్డా క్రిములకు ఊపిరాడదు. ఆర్వో క్యాన్లో ఆ కాపలా ఉండదు. ప్లాంటు దగ్గర శుద్ధిగానే బయలుదేరిన నీళ్లు, కడగని క్యాన్లో, ఎండలో ఆటో మీద, నాలుగు రోజులు గూట్లో ఉంటే లోపలి గోడకు పచ్చటి జిగురు పడుతుంది. వేలు పెట్టి రుద్ది చూడండి. ఆ జిగురు మీద మీటరు నలభైయే చూపిస్తుంది. వాసన లేదని నల్లాను కాదని క్యాన్‌ను మెచ్చుకోవడం, కాపలావాడు దగ్గుతున్నాడని పంపించేసి హాయిగా పడుకోవడమే. భగీరథ నీళ్లు ప్రతి ఊళ్లో ప్రతి రోజూ బాగుంటాయని నేను హామీ ఇవ్వను. ట్యాంకు కడగని పంచాయతీలున్నాయి, బ్లీచింగ్ పౌడర్ గోనె విప్పని పంచాయతీలున్నాయి. వాసన రాని రోజు వాళ్లను నిలదీయాలి. మనం వాసన వచ్చిన రోజు నిలదీస్తున్నాం.

ఈ వాదన వినగానే ఎదురు శిబిరం ఒకటి సంబరపడుతుంది: "చెప్పినం గద, ఫిల్టర్ నీళ్లు తాగబట్టే మోకాళ్ల నొప్పులు!" వాళ్ల చేతిలోనూ రుజువు లేదు. కాల్షియం మనకు ఎక్కువగా తిండి నుంచి వస్తుంది. ఉప్పులు తీసేసిన నీళ్లు ఏండ్ల తరబడి తాగడం మంచిదా అన్న చర్చ ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర కూడా జరిగింది, కానీ ఊళ్లో ప్రతి మోకాలినీ క్యాన్ ఖాతాలో వేయడానికి అది చాలదు. మీటరు అబద్ధమాడిందంటే దాని ప్రత్యర్థి నిజం చెప్పినట్టు కాదు.

మరి దేంతో కొలవాలంటే, పరికరాలు ఊళ్లోకే వచ్చి ఉన్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్టు వాడకం నేర్పాలని నియమం. ఫ్లోరైడ్‌కు మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు పసుపు వైపు జరగడం, నైట్రేట్‌కు వేరే రంగు, క్లోరిన్‌కు వేరే. ప్రయోగశాల అంత కచ్చితం కాదు, హద్దుకు ఇటో అటో చెప్పడానికి చాలు. మలం కలిసిందా అని చూడటానికి మన దేశంలోనే, గ్వాలియర్‌లో మంజా, మౌర్య, రావు కలిసి 1982లో ప్రకటించిన సీసా పరీక్ష ఉంది. చిన్న సీసాలో నీళ్లు పోసి వెచ్చటి చోట పెడితే, మలినముంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. అక్షరం రానివాళ్లు కూడా చదవగల ఫలితం. గ్రామసభలో అడగాల్సింది "నీళ్లు మంచియేనా" అని కాదు. ఏ బోరు, ఏ తేదీ, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, సీసా నల్లబడిందా అని. ప్లాంటువాడిని కూడా అదే అడగాలి. మీటరు జేబులోంచి తీస్తే వద్దనాలి.

ఒక్క చోటు మాత్రం ఈ పరీక్షలన్నీ జరిగినా మిగిలిపోతుంది. వానాకాలం నాట్లకు, చలికాలంలో పత్తి ఏరడానికి కైకిలి పోయినవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాగేది ఇంటి నల్లా నీళ్లూ కాదు, క్యాన్ నీళ్లూ కాదు. మోటారు పెడితే గొట్టం దగ్గర దోసిలి పట్టి తాగుతారు. బడి లేని రోజుల్లో వెంట పోయిన పిల్లలూ అంతే. పళ్ల మీద ఫ్లోరైడ్ గార పడేది ఎనిమిదేళ్లలోపు, పళ్లు లోపల తయారవుతున్న వయసులోనే. ఇంటి నీళ్ల కాగితంలో 0.6 అని ఉన్నా, పొలం బోరు 3 అయితే ఆ పిల్ల పళ్లకు లెక్క పొలం నుంచే వస్తుంది. పరీక్షల జాబితాలో తాగునీటి వనరులనే రాస్తారు, వ్యవసాయ బోరు అందులో ఉండదు. కాబట్టి ఆ నీళ్లు మనమే సీసాలో పట్టి కిట్టున్న ఆమె దగ్గరికి పట్టుకుపోవాలి. అన్ని బోర్లూ ఒక్కసారే కుదరకపోతే ముందు లోతు ఎక్కువున్నవి. వాటిలోనూ, తియ్యగుంటాయని చుట్టుపక్కల చేలవాళ్లు కూడా వచ్చి తాగేవి.